కిటికీకి కుట్టు వదిలిన వదిన

మా వదిన మెడలో కొలతల టేపు లేకుండా నేను ఆమెను చూసింది ఒక్క పెళ్ళిరోజునే. ఆ మర్నాటి నుంచి ఆ పసుపుపచ్చ టేపు ఆమె ఒంటిమీది నగ అయిపోయింది. వంట చేసేటప్పుడు వీపు మీదికి వేసుకుంటుంది, పడుకునేటప్పుడు దిండు కింద పెట్టుకుంటుంది. వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె టేపమ్మ. స్కూలు పిల్లల యూనిఫారాలు, గౌన్లు, చొక్కాలు, దిండు గలీబులు, ఏదైనా కుడుతుంది. కుట్టనిదల్లా అబద్ధాలు.

నేను ఆమెకు ఆడపడుచుని. ఆడపడుచు అర్ధమొగుడని సామెత. ఆ లెక్కన ఆమెను సాధించే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చింది. కానీ రోజంతా మందుల షాపులో నిలబడి వచ్చాక నాకు ఆ ఓపిక మిగలదు. పైగా ఆ పనికి మా అమ్మ ఒక్కతే పదిమంది పెట్టు.

అమ్మ మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు నడిపిన మనిషి. నాన్న పోయాక నన్నూ అన్నయ్యనూ ఆ కొట్టు మీదే పెంచింది. మార్కెట్ ఈ చివర ఆమె గొంతెత్తితే ఆ చివర త్రాసులు వాటంతట అవే సరైపోయేవి. కోడలు వచ్చిన కొత్తలో కుట్టుమిషన్ కొనుక్కుంటానంటే, "గుడ్డముక్కలు అతికితే కడుపులు నిండుతాయా?" అంది. వదిన మిషన్ కొంది, కుట్టింది. నీళ్ళ మీటర్లు చూసే మా అన్నయ్య జీతం నెల మధ్యలో చేతులెత్తేస్తే, మిగతా నెలను ఆ మిషనే లాక్కొస్తుంది. అయినా అత్తాకోడళ్ళ మధ్య రోజూ ఏదో ఒకటి నడుస్తూనే ఉండేది. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం. మా పక్కవీధి నుంచి నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి గొడవ వినపడకపోతే ఇంట్లో ఎవరూ లేరేమో అనుకునేదాన్ని.

తర్వాత అమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు గానీ నడక తిరిగి రాలేదు. అన్నయ్య ఆమె మంచాన్ని వీధివైపు గదిలో కిటికీకి ఆనించి వేశాడు. మా అన్నయ్య జీవితంలో చేసిన తెలివైన పనుల్లో అదొకటి. రెండోది ఏమిటని అడక్కండి.

ఆ కిటికీ అమ్మకు కొట్టు అయిపోయింది. కూరగాయల బండివాడు వీధి మలుపు తిరగ్గానే అమ్మ పిలిచేది. వాడు ధర చెప్పేవాడు, అమ్మ నవ్వేది. ఆ నవ్వుకే సగం ధర రాలిపోయేది. కొన్నాళ్ళకు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా సంచులు పట్టుకుని ఆ కిటికీ కింద నిలబడి, "పెద్దమ్మా, మాకూ నువ్వే బేరం చెయ్యి" అనడం మొదలుపెట్టారు. పాత పేపర్లు కొనేవాడు, చీపుర్లు అమ్మేవాడు, గ్యాస్ పొయ్యిలు బాగుచేసేవాడు, అందరూ ఆ కిటికీ దగ్గర ఆగి దండం పెట్టకపోయినా దండం పెట్టినంత పని చేసి వెళ్ళేవారు. అమ్మ మంచంలో ఉన్నా వీధిలోనే ఉంది.

ఇంటి కిటికీలు మాత్రం నాన్న కట్టించిన నాటివి. నాసిరకం చెక్క. చట్రాల్లో చెదలు కాపురం పెట్టి పిల్లాపాపలతో వర్ధిల్లాయి. తలుపులు వానకు ఉబ్బేవి, ఎండకు బీటలు వారేవి. ఒక రెక్కను వదిన పాత పైజామా బొందుతో కట్టి ఉంచేది. పోయిన వానాకాలంలో గాలివాన కొట్టి అమ్మ గది కిటికీ రెక్క ఊడి వీధిలో పడింది. సైకిలు మీద పోతున్న మనిషి భుజానికి రాసుకుంటూ పడింది. జానెడు ఇటు పడుంటే అతని తలే. అన్నయ్య హడలిపోయి ఆ రోజే ఒక ప్లైవుడ్ పలక తెచ్చి కిటికీకి అడ్డంగా మేకులు కొట్టేశాడు.

పలక కొట్టిన తర్వాత అమ్మ రెండు రోజులు తిట్టింది. వారం రోజులు గొణిగింది. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. ఏమడిగినా "ఊ" అనేది. ఏం పెట్టినా తినేది. ఉప్పు ఎక్కువైనా, అసలు లేకపోయినా ఒకటే. వదిన ఒకరోజు కావాలనే ఉప్పు వెయ్యకుండా పెట్టింది. అమ్మ తినేసి కంచం పక్కన పెట్టి మళ్ళీ గోడవైపు తిరిగింది. ఆ సాయంత్రం వదిన నా మందుల షాపుకు వచ్చింది. కౌంటర్ అవతల నిలబడి, మాత్రలు కొనేదానిలా గొంతు తగ్గించి, "మీ అమ్మ నన్ను తిట్టడం మానేసిందే మరదలా. నాకు భయంగా ఉంది" అంది.

అప్పుడే తేల్చుకుంది, వచ్చే వానలలోపు ఇంటి కిటికీలన్నీ మార్చేయాలని.

ఇంటికి నాలుగు కిటికీలు. అమ్మ గదిది, మిషన్ ఉన్న ముందుగదిది, పడకగదిది, వంటింటిది. వదిన దాచుకున్న డబ్బు, అన్నయ్యకు రావలసిన పాత బకాయి, రెండూ కలిపి కిటికీల కొట్లో అడిగితే మూడింటికి సరిపోతాయన్నారు. ఒక ఆదివారం పొద్దున అన్నయ్య అందరినీ అమ్మ గదిలోనే కూర్చోబెట్టాడు. నన్ను కూడా పిలిచాడు. ఇంటి విషయాల్లో నన్ను పిలిచాడంటే తను ముందే ఏదో నిర్ణయించుకున్నాడని అర్థం.

"మూడు కొత్తవి పెట్టిద్దాం. నాలుగోది, అంటే ఇది, ఇటుకలతో మూసేద్దాం" అన్నాడు. "వాన కొట్టేది ఈ వైపే. మూసేస్తే ఖర్చూ తగ్గుతుంది, గదిలోకి చుక్కనీరు రాదు. మేస్త్రీకి ఒక పూట పని."

వదిన అతని వైపు చూసిన చూపుకు నేనైతే అక్కడే మాట మార్చేసేదాన్ని. అన్నయ్యకు చూపులు చదవడం రాదు, మీటర్లు చదవడమే వచ్చు.

"అత్తయ్య గదేనా మూసేది? వంటింటిది మూసేయొచ్చుగా?" అంది వదిన.

"వంటింటిది మూస్తే పొగ ఎటు పోతుందే?"

అప్పుడు మంచం మీంచి అమ్మ అంది. గోడవైపు తిరిగే అంది. "మూసేయండ్రా. నాకెందుకు కిటికీ? తిరిగే మనుషులు చూసుకునే కిటికీలు బాగుచేసుకోండి."

ఆ మాటలో కోపం లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. అమ్మ అంత సులువుగా దేన్నీ వదులుకోగా నేనెప్పుడూ చూడలేదు. అన్నయ్య "చూశావా, అమ్మే వద్దంటోంది" అన్నట్టు వదిన వైపు తిరిగాడు. వదిన లేచి నిలబడింది.

"ఆవిడ వద్దన్నా నాకు కావాలి. ఈ ఇంటికి నాలుగు కిటికీలు. నాలుగూ ఉంటాయి. నేను పెట్టిస్తాను."

"డబ్బులేవి?"

"ఉన్న గుడ్డలోనే కోస్తాను."

ఆ రోజు నుంచి వదిన ఆ ఇంటి కిటికీలను గౌను కుట్టినట్టే కుట్టడం మొదలుపెట్టింది. ఉన్న గుడ్డలో చేతులు పొడుగ్గా రాకపోతే పొట్టి చేతులు పెడతారు, జేబు తీసేస్తారు, నడుం పట్టీ ఇంకో ముక్కతో అతుకుతారు. అంతేగానీ గౌనుకు ఒక వైపే కుట్టి ఇవ్వరు కదా. గుడ్డ కత్తిరించే బల్ల మీదే సుద్దముక్కతో లెక్క వేసేది, కుదరకపోతే అరచేత్తో తుడిచేసేది. సాయంత్రానికి ఆమె అరచేయి సున్నం పూసినట్టుండేది.

ఊళ్ళో ఉన్న కిటికీల కొట్లన్నీ తిరిగింది. కొన్నింటికి నన్నూ ఈడ్చుకెళ్ళింది. టేకు అడిగితే వాళ్ళు చెప్పిన ధరకు మా ఇద్దరికీ దాహం వేసింది. అల్యూమినియం చూసింది, ప్లాస్టిక్ చట్రం చూసింది. చివరకు అల్యూమినియానికే వచ్చింది. రంగు అద్దం వద్దంది, మామూలు అద్దం చాలంది. పిడులు మెరిసేవి వద్దు, పట్టుకుంటే తెరుచుకునేవి చాలు. వంటింటి కిటికీలో ఒక సగం కదలకుండా బిగించి ఇంకో సగమే తెరుచుకునేలా చేస్తే ఎంత తగ్గుతుందని అడిగింది. పడకగదిదీ అలాగే చెయ్యమంది. దోమల వల మాత్రం అమ్మ గదికి తప్ప ఎవరికీ వద్దంది. "మన దోమల్ని మనమే కొట్టుకుందాం. ఆవిడ చెయ్యి ఎత్తలేదు" అంది. పాత కిటికీల ఇనుపచువ్వలు తీసి శుభ్రం చేసి మళ్ళీ వాడమంది. ఇన్ని కోతలు కోసినా ఇంకా కొంచెం తక్కువ పడింది.

ఆ కొంచెం దగ్గరే కొట్టు యజమాని ఒక దారి చూపించాడు. "మా మనిషి వచ్చి కొలతలు తీసుకోవడానికి ఇంత అవుతుందమ్మా. కొలతలు మీరే తెచ్చుకుంటే అది తీసేస్తాను. కానీ తేడా వస్తే పూచీ మీదే."

వదిన మెడలోని టేపును వేళ్ళతో సవరించుకుని నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. మనిషి ఎంత ధీమాగా గోతిలో దిగగలదో ఆ నవ్వు చూస్తే తెలుస్తుంది. "మెడలో టేపు పెట్టుకుని కొలతకు ఇంకొకరికి కూలీ ఇచ్చుకోనా?" అంది దారిలో.

స్టూలెక్కి నాలుగు కిటికీలూ తనే కొలిచింది. పాత చట్రం ఒక బయటి అంచు నుంచి ఇంకో బయటి అంచు దాకా, పై నుంచి కింద దాకా, ఒక్కోటి రెండుసార్లు. నేను స్టూలు పట్టుకున్నాను కాబట్టి ఆ పాపంలో నాకూ పిడికెడు ఉంది. అంకెలు కాగితం మీద రాసి కొట్టులో ఇచ్చింది. లెక్కకు లెక్క నాలుగు కిటికీలకూ సరిపోయింది. ఆ వారమంతా వదిన మిషన్ తొక్కుతూ కూనిరాగాలు తీసింది. అమ్మ గదిలోకి వెళ్ళి, "అత్తయ్యా, మీ కిటికీకి వల కూడా వస్తోంది" అని చెప్పింది. అమ్మ "ఊ" అంది.

కిటికీలు వ్యాను మీద వచ్చిన రోజు మబ్బుగా ఉంది. బిగించేవాళ్ళు ఇద్దరు వచ్చారు. ముందు అమ్మ గదిలోనే మొదలుపెట్టమంది వదిన. పలక పీకారు. పాత చట్రం పీకుతుంటే అది చెక్కలా ఊడలేదు, పిండిలా రాలింది. గోడలో పెద్ద కన్నం మిగిలింది. వాళ్ళు కొత్త కిటికీ ఎత్తి ఆ కన్నానికి ఆనించారు. ఎటు తిప్పినా దూరలేదు. ఒకడు టేపు తీసి కొలిచాడు, రెండోవాడి మొహం చూశాడు.

"అమ్మా, ఇది కన్నం కంటే పెద్దది. అన్ని పక్కలా పెద్దదే."

"పెద్దదే ఉంటుంది. అన్ని పక్కలా వేలెడు వేలెడు కలిపాను" అంది వదిన.

"ఎందుకు కలిపారు?"

"కుట్టుకి వదలొద్దూ?"

అది ఆమె నోట్లోంచి వచ్చాకే ఆమెకు వినపడింది. టైలరు కొలిచిన కొలతకు గుడ్డ కోస్తే బట్ట బిగుసుకుపోతుంది. కుట్టు లోపలికి పోయేందుకు అన్ని పక్కలా కొంత వదిలి కొయ్యాలి. వదిన చిన్నప్పటి నుంచి వేల బట్టలకు అలా వదిలింది. ఆమె చెయ్యి కాగితం మీద అంకె వేసేటప్పుడే దానంతట అది కలుపుకుంది. కిటికీకి మాత్రం సంగతి తిరగబడింది. కన్నం కంటే వేలెడు తక్కువ చేసి, సందులో సిమెంటు కూరాలి. ఇదంతా ఆ బిగించేవాళ్ళే నవ్వు ఆపుకుంటూ చెప్పారు. నేను కూడా నవ్వాను. తర్వాత వదిన మొహం చూసి ఆపేశాను. ఆమె ఆ కిటికీని, ఆ కన్నాన్ని మార్చి మార్చి చూస్తోంది. పెదవులు బిగించింది. ఏడవలేదు.

వాళ్ళు మిగతా మూడు కిటికీలూ పీకకుండానే, కొత్తవి నాలుగూ ముందుగదిలో గోడకు చేరవేసి వెళ్ళిపోయారు. కొట్టు యజమానికి ఫోన్ చేస్తే పూచీ సంగతి గుర్తుచేశాడు. కొలతకు కోసిన సరుకు ఇంకెవరికీ పనికిరాదని, కావాలంటే ఒకటి అయినకాడికి వెనక్కి తీసుకుంటానని అన్నాడు. సాయంత్రం అన్నయ్య మేస్త్రీని తీసుకొచ్చాడు. మేస్త్రీ గోడలు తట్టి చూశాడు. పైన బరువు మోసే లింటెల్ ముట్టుకోకూడదు గానీ పక్కలూ కిందా చెక్కి కన్నాలు పెద్దవి చేయొచ్చన్నాడు. నాలుగింటికీ కలిపి అతను చెప్పిన కూలీ ఇంచుమించు ఒక కిటికీ ఖరీదు.

మేస్త్రీ వెళ్ళాక అన్నయ్య తల పట్టుకున్నాడు. "లెక్క తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. ఒక కిటికీ వెనక్కిచ్చేద్దాం. ఆ డబ్బుకు ఇంకొంచెం అప్పు చేసి మూడు గోడలు చెక్కిద్దాం. ఇది ఇటుకలతో మూసేద్దాం. అమ్మ కూడా మొదట్నుంచీ అదే అంటోంది."

నిజం చెప్పాలంటే నాకు కూడా అదే దారిలా కనిపించింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, మబ్బు కూడా దట్టమవుతోంది. గోడలో అంత కన్నం పెట్టుకుని ముసలావిడను ఎన్నాళ్ళు పడుకోబెడతాం? ఆ కన్నానికి టార్పాలిన్ కడుతూ అన్నయ్య, మర్నాడు పొద్దున్నే ఇటుకలు తెప్పిస్తానన్నాడు. వదిన ఏమీ అనలేదు. అన్నయ్య దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆయనకు ఆ మనిషి మౌనం అర్థం కాలేదు.

మర్నాడు నాకు సెలవు. పొద్దున్నే వెళ్ళేసరికి గుమ్మం పక్కన ఇటుకలు దించి ఉన్నాయి. లోపల్నుంచి టక్ టక్‌మని చప్పుడు. అమ్మ గదిలోకి వెళ్ళాను. వదిన తలకు గుడ్డ చుట్టుకుని, కన్నం ముందు స్టూలు వేసుకుని, ఉలీ సుత్తీ పట్టుకుని గోడ చెక్కుతోంది. టార్పాలిన్ ఒక పక్కకు ఎత్తి కట్టింది. అమ్మ మంచాన్ని గది మధ్యకు లాగి, ఆమె మీద దుమ్ము పడకుండా నిలువునా దుప్పటి కట్టింది. ఒక పక్క గోడ అప్పటికే పై నుంచి కింద దాకా వేలెడు లోతున రాలిపోయింది. వదిన వేళ్ళకు బొబ్బలు లేచాయి. టేపు మాత్రం మెడలోనే ఉంది.

"వదినా! ఏంటిది?"

"మూసేస్తారట. ముందు ఈ గోడ చెక్కేస్తే ఇటుకలు ఎక్కడ పెడతారో చూద్దాం."

"నీకు వచ్చా ఈ పని?"

"బిగుతైన బట్ట ఎన్నిసార్లు విప్పి వదులు చెయ్యలేదు? ఇది ఇల్లు. అంతే తేడా."

అన్నయ్య గుమ్మంలో నిలబడి, "చెయ్యి విరగ్గొట్టుకుంటే బట్టలెవరు కుడతారే?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే బెంగే ఎక్కువుంది. వదిన వెనక్కి తిరగలేదు. అన్నయ్య డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాడు. నేను కొంగు నడుముకు దోపుకుని రాలిన పెచ్చులు ఎత్తి గంపలో పోయడం మొదలుపెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, పట్టుకునేవాళ్ళు ఉండాలి కదా.

కాసేపటికి వీధిలోకి మేస్త్రీ వచ్చాడు. అన్నయ్య పిలిచిన పని, ఇటుకలు పేర్చడం, దానికే తాపీ తీసుకుని వచ్చాడు. కన్నంలోంచి లోపలికి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏంటి టేపమ్మా, సూది పట్టే చేతికి సుత్తి ఎవరిచ్చారు? నన్ను కొత్త గోడ కట్టమంటే నువ్వు ఉన్న గోడ ఊడగొడుతున్నావు!"

"ఇటుకల పని లేదు మేస్త్రీ. గోడలు చెక్కడానికి ఎంత తీసుకుంటావో సరైన మాట చెప్పు."

"నిన్ననే చెప్పాగా. ఒక్క పైసా తగ్గదు."

వదినకు కొలవడం వచ్చు, బేరం రాదు. ఎవరు ఎంత చెప్తే అంతే అనుకునే మనిషి. "సరే, అయితే నేనే చెక్కుకుంటా" అని మళ్ళీ సుత్తి ఎత్తింది.

"ఆగవే."

దుప్పటి వెనక నుంచి వచ్చిందా మాట. వదిన చెయ్యి గాల్లోనే ఆగింది. అమ్మ గొంతు అంత గట్టిగా విని ఎంతకాలమైందో.

"ఆ దుప్పటి తియ్యండి. ఎవడా మాట్లాడేది? ముందుకు రా. మొహం కనపడనీ."

నేను దుప్పటి లాగేశాను. అమ్మ మోచేతుల మీద లేవబోతోంది. వీపు కింద దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. పలక కొట్టాక మొదటిసారి ఆమె వీధివైపు చూసింది. వెలుతురుకు కళ్ళు చిట్లించుకుంది.

"నేనే పెద్దమ్మా, మేస్త్రీని."

"ఒక్క పైసా తగ్గదన్నావు. ఆ మాట నేను మార్కెట్లో రోజుకు వందసార్లు అనేదాన్ని. అదెప్పుడు అంటారో నాకు తెలుసు."

"ఇది ఉల్లిపాయల బేరం కాదు పెద్దమ్మా. గోడ పని. దుమ్ముంటుంది, నడుం నొప్పి ఉంటుంది."

"ఉల్లిపాయల్లో కన్నీళ్ళు కూడా ఉంటాయి. వాటికి నేను విడిగా డబ్బులడిగానా?"

మేస్త్రీ నవ్వేశాడు. నవ్వినవాడు సగం ఓడిపోయినట్టేనని అమ్మ మాకు చిన్నప్పుడే చెప్పింది.

"ఆ పక్క చూడు" అంది అమ్మ వేలు చూపించి. "పొద్దున్నించి ఒక్కతే చెక్కింది. జన్మలో ఉలి పట్టని పిల్ల. ఈ గోడలు మా ఆయన కట్టించినవి, ఇసుక ఎక్కువ, సిమెంటు తక్కువ. ముట్టుకుంటే రాలుతున్నాయి. వీటికి నువ్వు రాతికోట కూలీ చెప్పావు."

మేస్త్రీ రాలిన గోడ అంచును వేలితో గీకి చూశాడు. "సరే, కొంచెం తగ్గిస్తాలే."

"కొంచెమంటే నాకు తెలీదు. సగం."

"సగమా! సగానికైతే నాకు ఇంట్లో పడుకోవడమే మేలు."

"వెళ్ళి పడుకో నాయనా. ఎండెక్కకముందే వెళ్ళు."

అమ్మ దిండు మీదికి వాలి కళ్ళు మూసుకుంది. మేస్త్రీ తాపీ సంచిలో పెట్టుకుని నాలుగడుగులు వేశాడు. వదిన కంగారుగా నా వైపు చూసింది. నేను మాట్లాడొద్దని సైగ చేశాను. ఉల్లిపాయల కొట్టులో పెరిగినదాన్ని, ఆ కళ్ళు మూసుకోవడం సంగతి నాకు తెలుసు. మేస్త్రీ వెనక్కి వచ్చాడు.

"పెద్దమ్మా, మరీ సగం ఎలా కుదురుతుంది? పిల్లలున్నవాణ్ణి."

అమ్మ కళ్ళు తెరిచింది. "ఇద్దరాడపిల్లలు కదూ నీకు? వాళ్ళ స్కూలు బట్టలు ఎవరు కుడతారు?"

"మెయిన్ రోడ్డు మీద టైలరు."

"ఎన్నాళ్ళు వస్తున్నాయి?"

"ఎక్కడ పెద్దమ్మా! ఏడాది తిరక్కముందే మోకాళ్ళ పైకి పోతాయి. మళ్ళీ కొత్తవి."

"అక్కడ పోతోందిరా నీ డబ్బు. నా కోడలు కుట్టిన గౌను పిల్లతోపాటు పెరుగుతుంది. అంచులో, పక్కల్లో, భుజాల దగ్గర లోపలికి గుడ్డ వదులుతుంది. పిల్ల పొడుగైతే విప్పి దించుతుంది, లావైతే విప్పి వదులు చేస్తుంది. నువ్విచ్చిన గుడ్డలో పీలిక కూడా దాచుకోదు. ఈ ఊళ్ళో అలాంటి చెయ్యి ఇంకోటి లేదు. కిటికీక్కూడా కుట్టు వదిలిందని నవ్వుకున్నారు వీళ్ళంతా. ఎవరికీ ఏదీ ఇరుకు కాకూడదని ఆలోచించే మనిషిరా అది. నేను దాన్ని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ఏడాదిపాటు నీ పిల్లల బట్టలు అది కుడుతుంది, కూలీ లేకుండా. నువ్వు నాలుగు గోడలూ సగం కూలీకి చెక్కు. ఆ సగం మావాడు అప్పు తెచ్చైనా ఇస్తాడు. ముందు ఇది చెక్కు. ఈ మబ్బు ఆగదు."

వదినకు ఏడాది పని అప్పగిస్తూ వదినను ఒక్కమాట అడగలేదు అమ్మ. వదిన కూడా అడగాలని అనుకున్నట్టు లేదు. చేతిలో ఉలి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆమె మొహమంతా సున్నపు దుమ్ము. కళ్ళ కింద మాత్రం రెండు చారలు తడిగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో అమ్మ నోటి నుంచి ఆ మనిషి గురించి అలాంటి మాట ఒక్కటి నేను విని ఎరగను. వదిన అసలే ఎరగదు.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "వచ్చే ఏడు పెద్దది హైస్కూలు. బట్టలు ఎక్కువ పడతాయి" అన్నాడు.

"పడనీ."

అతను చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వచ్చి, వదిన చేతిలోని ఉలి తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి రెండో పక్కా, కింద గట్టూ చెక్కేశాడు. బిగించేవాళ్ళను మళ్ళీ పిలిపించాం. కిటికీ ఈసారి తోస్తే వెళ్ళి కూర్చుంది. సందుల్లో సిమెంటు కూరి, పాత చువ్వలు బిగించి, వల తగిలించారు. మిగతా మూడింటికి మర్నాడు వస్తానని మేస్త్రీ వెళ్ళిపోయాడు. అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి, కిటికీని చూసి, ఇటుకల వైపు చూసి, వాటిని పెరట్లోకి మోసుకుపోయాడు.

సాయంత్రం వాన మొదలైంది. పెద్ద వానే. అమ్మ మంచం మళ్ళీ కిటికీకి ఆనించాం. నీళ్ళు అద్దం మీద జారిపోతున్నాయి తప్ప లోపలికి చుక్క రాలేదు. అమ్మ దిండ్లకు ఆనుకుని వీధి చూస్తోంది. వీధి దీపం కింద గొడుగులు పోతుంటే ఎవరెవరో పోల్చుకుంటోంది. వదిన బొబ్బలకు నేను తెచ్చిన మందు రాసుకుని, గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రావడానికి మొహమాటపడుతోందని నాకు అర్థమైంది. తన చేత్తో గోడ పగలగొట్టినప్పుడు లేని మొహమాటం అప్పుడు వచ్చింది.

"అత్తయ్యా" అంది చివరకు. "ఒక మాట అడుగుతాను. మేస్త్రీతో నా గురించి అన్నదంతా బేరం కోసమేనా?"

అమ్మ కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"ఏమే, అన్నేళ్ళు కొట్టు నడిపాను. లేని సరుకు ఉందని ఒక్కరికైనా చెప్పానా?"

వదిన వచ్చి మంచం మీద ఆమె పక్కన కూర్చుని, దాచుకోకుండా ఏడ్చింది.